పాత మోటారు సైకిలు - కొత్త పారతంత్ర్యము

తన యింటి తాళపుచెవి పరుల చేతిలో నుంచి, వారి దయచే తలుపు తీయించుకొనువానిని స్వతంత్రుడని యెవరందురు? నేడు మన పట్టణములలో మోటారు సైకిలు గల గృహస్థుని స్థితి సరిగా నట్లే యున్నది. బండి తనది, దాని మర్మము పరులది. ఉదయమున నది కదలకున్నచో, షెడ్డువరకు త్రోసికొనిపోవుటయు, వారడిగిన సొమ్ము చెల్లించుటయు దప్ప నతనికి వేరొక యుపాయము తోచదు.

మా వీధిలో నొక యుపాధ్యాయునికి తండ్రినాటి బులెట్టు గలదు. అది నిలిచిపోగా, ఒక షెడ్డువారు పరీక్షయైన చేయక, కాయిలును కార్బొరేటరును మార్చవలెననిరి. ఆదివారమునాడు మే మిరువురమును బండియొద్ద గూర్చుంటిమి. ప్లగ్గు నూడదీసి, తీగ తగిలించి, ఇంజనుతల కానించి కిక్కు కొట్టగా, రవ్వ పసుపుపచ్చగా, బలహీనముగా నుండెను. పాయింట్ల మూత విప్పిచూడ, వాని మొగములు నల్లబడి గుంటలు పడియుండెను. సన్నని గరుకుకాగితముతో శుభ్రపరచి, అవి పూర్తిగా తెరచుకొన్నచోట 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్ల యెడము ఫీలరు గేజితో నిలిపితిమి. మూడవ కిక్కునకే బండి పలికెను. ఖర్చు: ఒక గరుకుకాగితము, ఒక గంట.

ఇందులో మంత్రము లేదు, క్రమము గలదు. ఇంజనునకు కావలసినవి మూడు: రవ్వ, ఇంధనము, కుదింపు. రవ్వ నీలముగా, చురుకుగా నున్నచో ఇంధనము జూడవలెను. కిక్కు కొట్టిన పిదపను ప్లగ్గు పొడిగా నున్న యెడల పెట్రోలు చేరుట లేదు. అపుడు ట్యాంకు కుళాయి, మూతలోని గాలిరంధ్రము, కార్బొరేటరు జెట్టు శోధింపవలెను. ఆ రెండును బాగున్నచో టాపెట్లు. చల్లని యింజనులో, కుదింపు ముగిసి పిస్టను పైకొన నుండగా, పాత బులెట్టు పుష్‌రాడ్లు వ్రేళ్లతో సులభముగా తిరుగవలెను. మీదికి క్రిందికి నాడరాదు. రవ్వను పరీక్షించునపుడు దాపున పెట్రోలు తెరచియుంచరాదు. బ్రేకుల పని మాత్రము తెలిసినవాని ప్రక్కన గూర్చుండి నేర్చిన పిదపనే చేయదగును.

"మెకానికుల పొట్ట గొట్టుదురా?" యని కొందరు ప్రశ్నింతురు. నిపుణుడైన మెకానికునకు తెలిసిన ఖాతాదారు శత్రువు కాడు. అతని పనితనమును గుర్తింపగల రసికుడు. నష్టపోవువాడు మన యజ్ఞానమును సరకుగా నమ్మువాడు మాత్రమే. వీధిమూల మెకానికు పొట్ట గొట్టుచున్నది మనము కాము. కంపెనీవారి ప్రత్యేక పరికరము లేనిదే లోపము చెప్పని కొత్త యంత్రము. 2020 ఏప్రిలు నుండి బి.ఎస్. 6 ప్రమాణములు వచ్చి పొగ తగ్గినది, సంతోషమే. పొగ తగ్గించుట కొరకు తాళము వేయవలెనా?

"పాత బండి గాలిని చెరచును" అనుట మరియొక యాక్షేపణ. ఇందు సత్యము గలదు, దానిని దాచము. నూనె త్రాగి పొగ గ్రక్కు బండిని బాగుచేయవలెను, బాగుకానిచో విడువవలెను. కాని పొగ గ్రక్కు బండ్లలో నెన్ని వార్ధక్యముచేత, ఎన్ని యశ్రద్ధచేత నట్లయినవి? గాలివడపోత శుభ్రపరచుట నేర్పని సమాజమునకు బండిని తుక్కు జేయుమని శాసించు నధికార మెక్కడిది?

ఇంకొక విచిత్రము. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసినది. ఇథనాలు తేమను పీల్చును. పాత రబ్బరును చెరచును. కొన్ని పాత వాహనములలో రబ్బరు భాగములు మార్చవలసి రావచ్చునని ప్రభుత్వమే యొప్పుకొన్నది. ఇంధనము మార్చుట వారి వంతు, గొట్టము మార్చుట మన వంతు! కావున బండిని చాలదినములు నిలుపునపుడు కార్బొరేటరు గిన్నెను ఖాళీచేయుడు. ఇంధనపు గొట్టము మెత్తబడినదో, పగిలినదో తడవతడవకు చూచుకొనుడు.

గాంధీమహాత్ముడు యంత్రమాత్రమును ద్వేషింపలేదు. 1924 లో కుట్టుయంత్రమును ప్రశంసించెను. యంత్రము మనుష్యుని వశమున నుండవలెనే గాని, మనుష్యుడు యంత్రము వశమున నుండరాదు. 1950 దశకమున మద్రాసున బులెట్టు నిర్మాణ మారంభమైనది. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 నాటికి మూతపడినను బండి యిచ్చట బ్రతికినది. మైసూరు జావా కర్మాగారము 1996 లో మూతపడినను ఆ బండ్లు నేటికిని వీథులలో పలుకుచున్నవి. వానిని నిలిపినవి మసియంటిన చేతులు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి సంఘము నేర్పరచెను. ఆ డిసెంబరులో పోర్టలు తెరచెను. సంఘములు చాలవు. మరమ్మతు పుస్తకము, విడిభాగములు, పరీక్షాపరికరములు న్యాయమైన వెలకు ప్రతివానికి లభించునట్లు శాసనము కావలెను. దయగా నిచ్చునది హక్కు కాదు.

అంతవరకు మనము చేయదగినదొకటి గలదు. 1914 లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు అక్షరమును వీధివీధికి దెచ్చిరి. నేడు ప్రతి పఠనమందిరమునను వార్తాపత్రికల ప్రక్క నొక పనిముట్ల పెట్టె, ఒక మరమ్మతు పుస్తక ముంచుడు. ఆదివారమున ఒక బండి విప్పుడు, పదిమంది చూడుడు. చేతికి మసి యంటుట యవమానము కాదు. తన వస్తువు తనకు తెలియకుండుటయే యవమానము.