నడకకు కొలత ఊపిరే

పన్నెండేళ్లుగా ప్రతి ఉదయం ముప్పావు గంట నడుస్తున్నాను. వేళ తప్పలేదు, వేగమూ మారలేదు. కాబట్టి నాకు వ్యాయామం చాలుననే ధీమాతో ఉండేవాడిని. నిరుడు ఒకనాడు లిఫ్టు చెడిపోగా, కూరల సంచితో మూడవ అంతస్తుకు ఎక్కవలసి వచ్చినది. రెండవ అంతస్తు వద్దనే గోడ పట్టుకొని నిలబడిపోయాను. ఇన్నేళ్ల నడక ఏమైపోయినట్లు?

తరచి చూడగా తెలిసినదేమనగా, శరీరం తనకు అలవడిన పనిని తక్కువ శ్రమతో ముగించడం నేర్చుకొంటుంది. ఒకే తీరు నడకలో ముఖ్యంగా నిదానపు కండర తంతువులే పనిచేస్తాయి. గుండెకు కూడా కొత్త పరీక్ష ఉండదు. ఆ నడక వ్యర్థమని నేననను. కాని మెట్లెక్కేటప్పుడు అక్కరకు వచ్చే వడిగల తంతువులకు అందులో పని తక్కువ. వేగం పెంచినపుడు అవి కదిలి, కండరాలలో నిలువయున్న చక్కెరను ఖర్చుచేస్తాయి. ఆ లోటు పూడ్చుకొనడానికి కండరాలు రక్తంలోని చక్కెరను గ్రహిస్తాయి.

జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితాలు నన్ను ఆకర్షించాయి. నడివయస్సువారు, వృద్ధులు ఐదు నెలలు నడిచారు. 3 నిమిషాలు వడిగా, 3 నిమిషాలు మెల్లగా, కనీసం ఐదు పర్యాయాలు మార్చి మార్చి నడిచినవారికి, ఒకే తీరున నడిచినవారికన్న తొడల బలం అధికంగా పెరిగినది, రక్తపోటు అధికంగా తగ్గినది.

వడిగా అనగా వారి గరిష్ఠ సామర్థ్యంలో 70 శాతానికి పైగా. ఇక్కడనే మన వైద్యమిత్రులు ఆక్షేపిస్తారు: వాగ్భటుడు అర్ధశక్తితో చేయమన్నాడు కదా అని. అయితే అర్ధశక్తికి సుశ్రుతుడు శాతాలు చెప్పలేదు. హృదయంలోని వాయువు నోటికి వచ్చుటయే గుర్తు అన్నాడు. ముక్కు చాలక నోటితో ఊపిరి తీయవలసి వచ్చే ఘడియ అన్నమాట. అక్కడ వేగం తగ్గించి, ఊపిరి మరల ముక్కుకు చేరేవరకు మెల్లగా నడిస్తే శాస్త్రభంగం ఎక్కడున్నదో నాకు బోధపడదు.

మా అబ్బాయి 20 సెకన్లు శక్తికొలది శ్రమించి 10 సెకన్లు ఆగే పద్ధతి చూపించాడు. 1996లో తబాత బృందం దానిని పరీక్షించినది దేహదారుఢ్యం గల యువకులపైన. మన ఈడువారు దాని జోలికి పోరాదు. గుండెజబ్బు, అధిక రక్తపోటు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు వేగం పెంచడానికి ముందే వైద్యుని సంప్రదించాలి. అజీర్ణంగా ఉన్ననాడు వ్యాయామమే వద్దని వాగ్భటుని మాట.

నేను ఒక్క నిమిషం వడితో ఆరంభించి, మూడు నెలలకు మూడు నిమిషాలకు చేరాను. మొన్న మరల లిఫ్టు ఆగినది. సంచితోనే పైకి వెళ్లాను. రెండవ అంతస్తు మలుపులో కొద్దిసేపు ఆగిన మాట నిజమే, గోడ మాత్రం పట్టుకొనలేదు.