పేరు మిగిలిన దేవత

1711లో పారిస్ నగరమున నోత్ర్ దామ్ ప్రార్థనాలయపు నేలక్రింద కొన్ని చెక్కుడు రాళ్లు బయల్పడినవి. సీన్ నదిపై పడవలు నడిపిన సంఘమువారు తిబేరియస్ చక్రవర్తి కాలమున, అనగా క్రీ.శ. 14–37 నడుమ, జూపిటర్ దేవునికి నిలిపిన స్తంభపు భాగములవి. దానిపై రోమనుల దేవతల సరసన, నేటి ఫ్రాన్సు దేశపు పూర్వులైన గాల్ జాతివారి దేవతలును కలరు. అందొక ఫలకముపై చెట్టు ఆకుల నడుమ ఒక వృషభము, దాని వీపుపైన, తలపైన మూడు పక్షులు. పైన 'తార్వోస్ ట్రిగారానుస్' అను పేరు.

తార్వోస్ అనగా ఎద్దు. ట్రి అనగా మూడు. గారానోస్ అనగా సారసపక్షి. నేటికిని వేల్స్ భాషలో సారసమును 'గరన్' అందురు. బొమ్మయు మాటయు ఒకదానికొకటి సాక్ష్యము.

అయినను, అర్థము తెలిసినంతనే దేవత తెలిసినట్లు కాదని నా అభిప్రాయము. 'ఏకదంతుడు' అను మాట విన్న పరదేశికి ఒక దంతమని తెలియును. రెండవది ఎట్లు విరిగెనో చెప్పుటకు కథ కావలెను. ఈ వృషభమునకును కథ ఉండియుండును. ప్రక్క ఫలకమున ఎసుస్ అను దేవుడు చెట్టు నరుకుచున్నాడు. జర్మనీలోని ట్రియర్‌లో దొరికిన శిల్పమునను చెట్టు నరకు మనిషి, ఎద్దు తల, మూడు పక్షులు కలవు. ఆ కథ మాత్రము మనకు చేరలేదు.

కారణము లిపి లేకపోవుట కాదు. గాల్ వారు లెక్కలకు గ్రీకు అక్షరములు వాడిరనియు, వారి గురువులైన డ్రూయిడ్లు తమ విద్యను మాత్రము వ్రాతలో పెట్టుట తగదని తలచిరనియు జూలియస్ సీజర్ వ్రాసినాడు. కంఠములు మూగవోగా కథయు పోయినది.

ఆ 'ట్రి' ఉర్దూ 'తీన్'కు దూరపు చుట్టము. మన 'మూడు' వేరొక కుటుంబపు మాట. ఆ రెండును ఒకే బల్లపై వినవచ్చు కళాశాల మనది. లిపులు రెండున్నవి, వ్రాయు అలవాటే కొరవడినది. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు తన ఊరి దర్గాకో, గుట్టకో, చెరువుకో ఆ పేరెట్లు వచ్చెనో పెద్దలనడిగి, చెప్పినవారి పేరుతోను తేదీతోను వ్రాసి తేవలెను. కార్యవర్గమువారు ఆ పుస్తకములకు గ్రంథాలయమున ఒక బీరువా కేటాయింపవలెను. అవి నిజమా, కల్పనయా అని తరువాత విచారింపవచ్చును. పోయిన పిదప విచారించుటకే ఏమియు మిగులదు.