బొమ్మలు వేసే బిడ్డను ఏ చదువుకు పంపాలి?



ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ల నుండి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వస్తుంటాయి. "అయ్యగారూ, తరువాత ఏమి చదివించమంటారు?" అన్నదే అందరి ప్రశ్న. ఈ నెల వచ్చిన వాటిలో ఒక తండ్రి ఉత్తరం కొంచెం వేరుగా ఉన్నది. ఆయన రైతు. పెద్దమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం. నోటు పుస్తకాల వెనుక పేజీలన్నీ బొమ్మలే. క్రిస్మస్‌కు మందిరం మీద కట్టే నక్షత్రం, ఆదివార పాఠశాల చార్టులు ఆమె చేతివే. "నాన్నా, నేను డిజైన్ చదువుతాను" అంటున్నది. చుట్టాలు "బొమ్మలేసుకుని బతుకుతుందా?" అని నవ్వుతున్నారట. ఇంతలో ఒక ఏజెంటు వచ్చి, నగరంలో ఒక ప్రైవేటు కళాశాలలో సీటు ఇప్పిస్తాను, ముందుగా డబ్బు కట్టండి అన్నాడట. ఉన్న రెండెకరాలలో అర ఎకరం అమ్మవచ్చునా అని ఆ తండ్రి అడుగుతున్నారు.

రైతుకు అర ఎకరం అంటే చిన్న మాట కాదు. కనుక తొందరపడి అవుననీ కాదనీ చెప్పక, ముందు ఈ చదువు ఏమిటో చూద్దాము.

డిజైన్ అంటే బొమ్మలేనా?

మీరందరూ ఓటు వేసే యంత్రాన్ని చూశారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఆ యంత్రాలతోనే ఓటు వేశాము. అక్షరం ముక్క రాని అవ్వ కూడా లోపలికి వెళ్లి, ఎవరినీ అడగకుండా ఓటు వేసి వస్తున్నది. గుర్తు పక్కనే నీలిరంగు మీట. నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ అని శబ్దం వస్తుంది. "నా ఓటు పడింది" అని అవ్వకు తెలుస్తుంది. ఆ యంత్రాలను తయారు చేసేవి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. దానికి ఆ రూపం తీర్చినవారు ఐ.ఐ.టి. బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు.

మీట ఎంత పెద్దదిగా ఉండాలి? దీపం ఎక్కడ వెలగాలి? చూపు మందగించిన వారికి ఎలా తెలియాలి? గాడిద మీదనో పడవ మీదనో కొండ ఊరికి మోసుకుపోతే పాడుకాకుండా పెట్టె ఎలా ఉండాలి? ఇవన్నీ ఆలోచించి, గీసి, చేసి, సరిచూచేదే డిజైన్. బొమ్మ గీయడం అందులో ఒక భాగం మాత్రమే. మనిషి అవసరాన్ని కనిపెట్టి, దానికి తగిన వస్తువునో, గుర్తునో, బట్టనో, పద్ధతినో తీర్చిదిద్దడమే ఆ పనికి మూలం.

మనం రోజూ చేతిలో పట్టుకునే నోటును చూడండి. దానిమీద ఉన్న రూపాయి గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జూలై 15న ఆమోదించింది. దానిని రూపొందించిన డి. ఉదయకుమార్ గారు మొదట భవన నిర్మాణ శాస్త్రం చదివారు, తరువాత డిజైన్ చదివారు. దేవనాగరి 'ర' అక్షరాన్నీ, ఇంగ్లీషు 'ఆర్' అక్షరాన్నీ కలిపి, పైన రెండు గీతలతో ఆ గుర్తు చేశారు. చూడడానికి చిన్న గుర్తే, కాని దాని వెనుక లిపి తెలిసిన బుద్ధి, కట్టడం తెలిసిన బుద్ధి రెండూ పనిచేశాయి.

అనేక విద్యలు ఒక్క చోట

ఇప్పుడు కళాశాలలు "మల్టీ డిసిప్లినరీ డిజైన్" అని పెద్ద మాట వాడుతున్నాయి. భయపడవద్దు. అనేక విద్యలను కలిపి నేర్చుకోవడమని దాని అర్థం. జైపూర్ కాలు సంగతి చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది.

1960ల చివరలో జైపూరులో కాళ్లు పోగొట్టుకున్న వారికి విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ కాళ్లు ఇచ్చేవారు. వాటితో బాసింపట్టు వేసి కూర్చోలేరు, గొంతుకు కూర్చోలేరు, చెప్పులు లేకుండా పొలం గట్టున నడవలేరు. మన పల్లె మనిషికి అవి ఏమి పనికివస్తాయి? రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి రబ్బరుతో వంగే పాదం తయారు చేశారు. శర్మగారిది పెద్ద చదువు కాదు, కాని చేతిలో పని ఉన్నది. డాక్టరుగారికి శరీరం సంగతి తెలుసు. ఒకరి విద్య మరొకరి విద్యతో కలిసినందువల్ల లక్షలాది మంది లేచి నడిచారు. సేఠీగారికి 1981లో మెగసెసె పురస్కారం వచ్చింది.

మన పాఠకులకు బెసలేలు కూడా తెలుసు. నిర్గమకాండము 31వ అధ్యాయములో ఆయన పనులు చదవండి. బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు చెక్కడం, కర్రను కోయడం, ఇవన్నీ ఒక్క మనిషికే అప్పగింపబడినవి. గుడారము కట్టాలంటే ఒక్క విద్య చాలదు. కనుక అనేక పనులు నేర్చిన చేతిని తక్కువ చేసి మాట్లాడే అలవాటు మన ఇళ్లలో మానుకోవడం మంచిది.

మన దేశంలో ఈ చదువు ఎలా వచ్చింది?

భారత ప్రభుత్వం పిలుపు మీద చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన దేశమంతా తిరిగి, 1958లో ఒక నివేదిక ఇచ్చారు. భర్త భవన నిర్మాణం తెలిసినవాడు, భార్య చిత్రకారిణి. ఇద్దరూ కలిసి కుర్చీలు చేశారు, సినిమాలు తీశారు, ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. మన దేశంలో వారికి ఎంతో నచ్చిన వస్తువు ఏమిటో తెలుసా? మన చెంబు! నీళ్లు నిండితే బరువు ఎలా ఉంటుంది, చేతికి పట్టు ఎలా దొరుకుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, ఎలా కడగాలి, ఎంత ఖరీదు, ఇవన్నీ తరతరాలుగా ఆలోచించి చేసిన వస్తువది. ఇలాంటి బుద్ధినే కొత్త తరానికి నేర్పాలని వారు సలహా ఇచ్చారు. ఆ మీదట 1961లో అహమదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. ఎన్.ఐ.డి. అంటారు. స్టేట్ బ్యాంకు మీద కనబడే నీలి వలయం, తాళంచెవి రంధ్రం వంటి గుర్తు 1971లో అక్కడ రూపుదిద్దుకున్నదే.

అక్కడ నాలుగేళ్ల డిగ్రీలో మొదటి సంవత్సరం అందరికీ ఒకటే. పునాది సంవత్సరం అంటారు. గీత, రంగు, రేఖాగణితం, మట్టి, చెక్క, కాగితం, తీగలతో పని, పల్లెలకూ బజారులకూ వెళ్లి మనుషులను గమనించడం, ఇవన్నీ నేర్పుతారు. ఆ తరువాత వస్తువుల డిజైన్, అక్షరాలూ చిత్రాలూ, బట్టలు, ఇలా ఒక దారి పట్టుకుంటారు. ఇల్లు కట్టేవాడు ముందు పునాది వేసినట్టే, ఏ దారి తనకు తగునో తెలియని పదిహేడేళ్ల బిడ్డకు ఇది మంచి పద్ధతి.

ఒక ఉదాహరణ చూడండి. చదువురాని తల్లికి బిడ్డ మందు ఏ వేళ వేయాలో తెలిసేలా కవరు చేయమని విద్యార్థికి పని ఇచ్చారనుకోండి. ముందు ఆసుపత్రి వరండాలో కూర్చుని చూడాలి. తల్లులతో మాట్లాడాలి. ఉదయానికి సూర్యుడి గుర్తు, రాత్రికి చంద్రుడి గుర్తు వేసి చూడాలి. వారి చేతికిచ్చి, అర్థమైందా అని అడగాలి. కాకపోతే చింపి మళ్లీ చేయాలి. ఇందులో బొమ్మ ఉన్నది, అచ్చుపని ఉన్నది, వైద్యం ఉన్నది, అన్నింటికి మించి ఓపిక ఉన్నది. బొమ్మ బాగా వచ్చిన వారందరికీ ఈ ఓపిక ఉండదు. బొమ్మ ఒక మాదిరిగా వచ్చినా, ఓపిక ఉన్నవారు రాణిస్తారు.

ఎక్కడ చదవవచ్చు?

ఎన్.ఐ.డి. శాఖ మన ఆంధ్రప్రదేశ్‌లోనే 2015లో మొదలైంది, అమరావతి ప్రాంతంలో ఉన్నది. ప్రవేశానికి రెండు దశల పరీక్ష. రెండవ దశలో చేతితో వస్తువులు చేయించి చూస్తారు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో కూడా డిజైన్ డిగ్రీ ఉన్నది. దానికి యూసీడ్ అనే పరీక్ష రాయాలి. అందులో కంప్యూటరు మీద రాసే భాగం, చేతితో గీసే భాగం రెండూ ఉంటాయి. దుస్తుల వైపు ఆసక్తి ఉంటే హైదరాబాదులో నిఫ్ట్ 1995 నుండి ఉన్నది. వీటిలో డిజైన్ డిగ్రీలకు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హులే. ఎం.పి.సి. చదవలేదని దిగులుపడవద్దు.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఎ. ఉన్నది. పదవ తరగతితోనే చేనేత వైపు వెళ్లదలచిన వారికి వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ డిప్లొమా ఇస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ జాతీయ పరీక్షల దరఖాస్తులు ఇంటర్ ఫలితాలు వచ్చాక కాదు, సాధారణంగా అంతకు ముందు సంవత్సరం చివరి నెలలలోనే పిలుస్తారు. ఫలితాలు చూసుకుని లేచేసరికి తలుపు మూసివేయబడుతుంది. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు కూడా ముందే చూసుకోండి. రాష్ట్ర కళాశాలలకు ఇచ్చే పత్రమూ, కేంద్ర సంస్థలు అడిగే నమూనా ఒకటి కావు.

డబ్బు మాట

ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన ఇది ఉచిత చదువు కాదు. నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, కంప్యూటరు, రంగులు, సామాను కలిపితే లక్షలలోకి వస్తుంది. ఉద్యోగం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఫోనులో వాడే యాప్‌లు, వస్తువుల పెట్టెలు, పుస్తకాలు, బట్టలు, సామాను, యానిమేషన్, ఇలా పని ఉన్నది. కాని సర్టిఫికెట్టు చూసి ఎవరూ పిలవరు. "నీవు చేసిన పని చూపించు" అంటారు. అలా చేసిన పనులను కూర్చి చూపే పుస్తకాన్ని పోర్టుఫోలియో అంటారు. సొంతంగా పనిచేసేవారికి ఒక నెల డబ్బు వస్తుంది, మరో నెల రాదు. పైగా ఈ రోజులలో మాట చెబితే బొమ్మ గీసి ఇచ్చే కంప్యూటరు పరికరాలు వచ్చాయి. కేవలం బొమ్మ మీద ఆధారపడిన వారికి కష్టమే. ఆసుపత్రి వరండాలో కూర్చుని తల్లి ఇబ్బందిని గమనించే పని మాత్రం మనిషే చేయాలి.

ఇప్పుడు అర ఎకరం సంగతి. అన్నా, భూమి అమ్మవద్దు. ఏజెంటు చేతికి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. అయితే అమ్మాయికి "వద్దు" అని కూడా చెప్పవద్దు. ముందు పరీక్షలు రాయించండి. సొంత ప్రతిభతో మంచి సంస్థలో సీటు వస్తే, అక్కడ ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఫీజు సహాయం ఏమున్నదో అడగండి. ఆ తరువాత బ్యాంకుకు వెళ్లండి. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విద్యాలక్ష్మి అనే పథకాన్ని ఆమోదించింది. ఆ జాబితాలోని సంస్థలలో సీటు వచ్చిన వారికి ఆస్తి తనఖా లేకుండా, హామీదారు లేకుండా విద్యారుణం ఇవ్వడం దాని ఉద్దేశం. భూమి అన్నిటికంటె చివరి మాట.

ప్రైవేటు కళాశాల అయితే ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: "డిగ్రీ ఎవరిస్తారు?" మన దేశంలో విశ్వవిద్యాలయాలూ, చట్టం ద్వారా అధికారం పొందిన సంస్థలూ మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. రంగురంగుల పుస్తకం చూసి, ఎత్తైన భవనం చూసి డబ్బు కట్టవద్దు. అక్కడ మూడవ సంవత్సరం చదివే పిల్లలను బయట కలిసి, వారు చేసిన పనులు చూపమనండి. అదే అసలైన సమాచారం.

బిడ్డలారా, మీకు ఒక మాట

ఈ చదువుకు సిద్ధపాటు ఈ రోజే, మీ ఇంటి వాకిట్లోనే మొదలుపెట్టవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. సినిమా తారల బొమ్మలు చూచి దించడం తగ్గించండి. అమ్మ బిందె ఎత్తే తీరు గీయండి. బస్సు ఎక్కలేక ఇబ్బంది పడే తాతను గీయండి, ఆ మెట్టు ఎలా ఉంటే బాగుండునో పక్కన గీయండి. పాత అట్టపెట్టెలతో నమూనా చేయండి. సెలవులలో మీ ఊరి వడ్రంగి దగ్గరో, కుట్టుపని చేసే అక్క దగ్గరో, మగ్గం దగ్గరో కూర్చోండి. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పెడన కలంకారీ, పోచంపల్లి చీరలు చేసే చేతులు మన నేల మీదనే ఉన్నవి. వారందరూ డిజైన్ తెలిసినవారే, మనం ఆ పేరు పెట్టలేదంతే. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు కూడా చదవండి, అక్కడ పాఠాలు ఆ భాషలోనే ఉంటాయి.

ఆరు నెలలు ఇలా చేయండి. ఉత్సాహం చల్లారితే నష్టమేమీ లేదు, ఒక పెన్సిలు అరిగిందంతే. పుస్తకం నిండి రెండవ పుస్తకం అడిగితే, తల్లిదండ్రులారా, అప్పుడు ఆ బిడ్డ కోరికను తేలికగా తీసివేయకండి. తలాంతు ఇంజనీరింగు రూపంలోనే వస్తుందని ఎక్కడా లేదు. దానిని భూమిలో దాచిపెట్టనూ వద్దు, దానికోసం తొందరపడి భూమిని అమ్మనూ వద్దు.

ప్రభువు మీ బిడ్డల చేతిపనిని దీవించును గాక.