ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కాదు



పోయిన నెల జనగామ బ్రాంచిలో పేరెంట్స్ మీటింగ్ అయిపోయి, నేను మార్కుల రిజిస్టర్లు సర్దుకుంటుంటే ఒక తండ్రి మళ్ళీ వెనక్కి వచ్చారు. చేతిలో రంగురంగుల బ్రోచర్.

"మేడం, మా బిడ్డ టెన్త్ అయినంక బైపీసీ అంటున్నది. నీట్ల సీటు రాకపోతే ఎట్ల అని ఒక కన్సల్టెన్సీల అడిగితే ఇది ఇచ్చిన్రు. అమెరికాల ఐదేండ్లల్ల బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ అయిపోతయట. ఓటీ అంట. అంటే ఆపరేషన్ థియేటర్ల పనే గదా?"

బ్రోచర్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి చదివి చెప్తానని ఆయన నమ్మకం. చదివాను. అది ఆపరేషన్ థియేటర్ కాదు, ఆక్యుపేషనల్ థెరపీ. మన దగ్గర రెండింటినీ ఓటీ అనే అంటారు కాబట్టి ఈ తికమక ఆయన ఒక్కరిదే కాదు. ఆ రోజు నేను సగమే చెప్పగలిగాను. మిగతా సగం తెలుసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మహబూబాబాద్, భూపాలపల్లి బ్రాంచీల్లోనూ ఇదే బ్రోచర్ తిరుగుతూ ఉండొచ్చని ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో దీన్ని 'వృత్తి చికిత్స' అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు, ఉద్యోగానికి సంబంధించిందేమో అనిపిస్తుంది. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి రోజంతా చేసే పనులు. అన్నం కలుపుకొని తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, స్నానం చేయడం, బడి సంచి సర్దుకోవడం, రాయడం, ఆడుకోవడం. పక్షవాతమో, యాక్సిడెంటో, పుట్టుకతో వచ్చిన ఇబ్బందో వీటికి అడ్డం పడితే, ఆ పనిని మనిషి మళ్ళీ చేసుకునేలా చూడటం ఈ థెరపిస్టు పని. ఫిజియోథెరపీ చేతికి బలం, కదలిక తెస్తే, ఆ చేత్తో ముద్ద నోటిదాకా చేరేలా చూసేది ఓటీ అనుకోండి. (అసలు గీత ఇంత సూటిగా ఉండదు, మన అర్థానికి ఇది చాలు.)

ఈ మాటలు నాకు పుస్తకం వల్ల అర్థం కాలేదు. మూడేళ్ళ కింద నా ఐదో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. నోటితో అడిగితే ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. రాయమంటే అక్షరం లైన్ మీద నిలిచేది కాదు, పెన్సిల్ మొన విరిగేది, పరీక్ష పేపర్ సగంలో ఆగిపోయేది. వాడి డైరీలో నేను ఎర్ర ఇంకుతో 'కేర్‌లెస్' అని రాశాను. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి మళ్ళీ రాయించాను. వాళ్ళమ్మ హైదరాబాద్ తీసుకెళ్ళి చూపించాక తెలిసింది, వేళ్ళ కదలికల మధ్య పొందిక కుదరడం లేదని. అక్కడి థెరపిస్టు చెప్పినవి చిన్న మార్పులే. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ, లావు పెన్సిల్, కొంచెం ఏటవాలుగా రాసే పలక, రాసే ముందు వేళ్ళకు పని. వాళ్ళమ్మ రోజూ సాయంత్రం వాడితో రొట్టెల పిండి పిసికించేది. వాడి చేతిరాత ముత్యాల్లా ఏమీ మారలేదు. కానీ ఏడాది చివర్లో పేపర్ పూర్తి చేశాడు.

బీఈడీలో నాకు సమ్మిళిత విద్య మీద ఒక పేపర్ ఉండేది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయని, అభ్యసన వైకల్యం కూడా వాటిలో ఉందని బట్టీ పట్టి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఎదురుగా కూర్చున్న పిల్లవాడిని మాత్రం గుర్తుపట్టలేదు.

ఇంకో సంగతి. ఆ తల్లి నెలకు రెండుసార్లు జనగామ నుంచి హైదరాబాద్ వెళ్ళివచ్చేది. వెళ్ళిన రోజు ఆమెకు కూలి లేదు. జనగామ కాబట్టి సాయంత్రానికి తిరిగొచ్చేది. భూపాలపల్లి నుంచి అయితే రెండు వందల కిలోమీటర్లకు పైనే.

ఈ వృత్తి కొత్తదేమీ కాదు. అమెరికాలో 1917లో దీనికి సంఘం ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల చేత నేత, బుట్టలల్లడం, వడ్రంగం చేయించి చేతుల్ని దారికి తెచ్చేవారు. (మన పెంబర్తి ఇత్తడి పనివాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.) మన దేశంలో 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ శిక్షణ పాఠశాల మొదలుపెట్టారు. 1952లో ప్రపంచ సమాఖ్యను స్థాపించిన దేశాల్లో భారత్ ఒకటి.

ఇక బ్రోచర్ దగ్గరికి వస్తాను. 'బ్యాచిలర్స్ ప్లస్ మాస్టర్స్' అనే మాటకు ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఒక అర్థం. అసలు చిక్కు ఇదే.

మన దేశంలో ఇంటర్ బైపీసీ తర్వాత బీఓటీ చదువుతారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళుగా నడుస్తూ వచ్చిన కోర్సు. అది పూర్తయితే మీ అమ్మాయి థెరపిస్టు. ఆ పైన రెండేళ్ళ ఎంఓటీ ఇష్టమున్నవారికి, పిల్లల విభాగమో, చేతి గాయాలో, నరాల జబ్బులో ఒకదాంట్లో లోతుగా వెళ్ళడానికి. అమెరికాలో అలా కాదు. 2007 నుంచి అక్కడ ఈ వృత్తిలోకి రావాలంటే కనీసం మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలి. అందుకే కొన్ని యూనివర్సిటీలు రెండు డిగ్రీలను కలిపి ఐదేళ్ళకు కుదిస్తాయి. ఒక ఏడాది మిగులుతుంది, రెండోసారి అడ్మిషన్ కోసం పోటీ పడక్కర్లేదు. ఇవి నిజమైన లాభాలే. కానీ ఇలాంటి కోర్సుల్లో మొదటి డిగ్రీ చాలాసార్లు ఆరోగ్య శాస్త్రాల్లో మామూలు బ్యాచిలర్స్ మాత్రమే. గ్రేడ్లు తగ్గి మాస్టర్స్‌లోకి వెళ్ళలేకపోయినా, ఫీజు కట్టలేక మధ్యలో ఆగినా, చేతిలో ఉన్న డిగ్రీతో థెరపిస్టుగా పనిచేయలేరు. ఆ తండ్రి చూపిన బ్రోచర్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు. చివరి పేజీ దాకా వెతికాను.

నేను డిగ్రీ మూడేళ్ళు, బీఈడీ రెండేళ్ళు విడివిడిగా చదివాను. ఇప్పుడు వరంగల్ ఎన్ఐటీలోనే నాలుగేళ్ళ బీఎస్సీ, బీఈడీ కలిపి ఉంది. నాకు ఒక ఏడాది వృథా అయిందని మా నాన్న ఇప్పటికీ అంటారు. అయిందేమో. కానీ టీచర్ కావాలని నాకు నమ్మకం కలిగింది డిగ్రీ మూడో ఏడాదిలో. పదిహేడేళ్ళప్పుడు కలిపి చదవమని ఉంటే ఏం ఎంచుకునేదాన్నో నాకే తెలియదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ వృత్తిని దగ్గర నుంచి చూడని పిల్లలకు ఐదేళ్ళ విదేశీ జంట డిగ్రీ వద్దు. ముందు ఇక్కడ బీఓటీ చేయనివ్వండి. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, ఢిల్లీలో, చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. వెల్లూరు సీఎంసీలోనూ ఈ కోర్సు ఉంది. ప్రవేశ నిబంధనలు ఈమధ్య మారుతున్నాయి, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కింద కొత్త కమిషన్ పని మొదలైంది. అందుకే ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి, కన్సల్టెన్సీ మాట కాదు. కాలేజీకి ప్రపంచ సమాఖ్య గుర్తింపు ఉందో లేదో తప్పక అడగండి. పిల్లలకు కనీసం వెయ్యి గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలన్నది ఆ సమాఖ్య నియమం, తర్వాత ఏ దేశం వెళ్ళాలన్నా ఆ గుర్తింపే పనికొస్తుంది. మాస్టర్స్ విదేశంలో చేయాలనిపిస్తే అప్పుడు వెళ్ళొచ్చు. ఒకవేళ వెళ్ళకపోయినా చేతిలో పని ఉంటుంది.

పని ఎక్కడ అని అడుగుతారు. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామ, భూపాలపల్లిలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సింగరేణి గనుల్లో చేతికి దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దలు, నా క్లాసులో ఆ బాబు లాంటి పిల్లలు మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. డాక్టర్ చూసి పంపించాక మిగిలే పని ఎవరు చేస్తారన్నదే ప్రశ్న. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, ఆ సంగతి ఆ తండ్రికీ దాచకుండా చెప్పాను.

ఆయనకు ఒక్క పని అప్పజెప్పాను. ఏ కోర్సుకూ అడ్వాన్స్ కట్టకముందు పాపను మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్ళి సగం రోజు కూర్చోబెట్టమన్నాను. అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్పెషల్ టీచర్లు నేర్పుతారు. తీసుకెళ్ళారు. సోమవారం లంచ్ బ్రేక్‌లో ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, ఒక బాబుకు చెంచా పట్టుకునుడు నేర్పనీకె అరగంట పట్టింది. మళ్ళా కింద పడేసిండు. రోజూ ఇట్లనే ఉంటదా?"

ఉంటుంది అన్నాను. వచ్చే శనివారం కూడా వెళ్తానని చెప్పి క్లాసుకు పోయింది.