కోత హైదరాబాదులో, బతుకు ఆళ్లగడ్డలో

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి మన దగ్గర నడిచే మాటలన్నీ థియేటరు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, ఎన్ని కిలోలు తగ్గుతారు, ఎప్పుడు ఇంటికి పంపుతారు అన్నంతవరకే అడుగుతారు. మహానంది, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కుటుంబాలకు ఈ ఆపరేషన్ అంటే హైదరాబాదుకో బెంగళూరుకో చెన్నైకో ప్రయాణం. చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాప్రోస్కోపీ కాబట్టి మామూలుగా రెండు మూడు రోజుల్లో డిశ్చార్జి చేస్తారు. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు ఆ మారిన పొట్టతో గడపాల్సింది మాత్రం సొంతూళ్లో, అక్కడి డాక్టరుతో, అక్కడి మెడికల్ షాపుతో, అక్కడి తిండితో. ఆపరేషన్ మేలు చేసిందా కీడు చేసిందా అన్నది తేలేది ఆ ఏళ్లలోనే. అందుకే ఈ చికిత్స మీద ప్రభుత్వం పెట్టే మొదటి రూపాయి జిల్లాలో ఫాలోఅప్ క్లినిక్ మీద పెట్టాలనీ, ప్రజాధనంతో ఆపరేషన్ చేయిస్తే కనీసం ఐదేళ్ల పర్యవేక్షణను కలిపే ప్యాకేజీ కట్టాలనీ నేను వాదిస్తున్నాను.

ముందు ఈ ఆపరేషన్ అవసరమైనదేనా అన్న ప్రశ్న తేల్చుకోవాలి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, సన్నని గొట్టంలాంటి భాగాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా ఊరే పై భాగం కూడా దాంతోపాటే పోతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైన చిన్న సంచిలాంటి భాగం చేసి, దాన్ని చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. రెండూ తిండి పరిమాణాన్ని తగ్గించడంతోపాటు ఆకలినీ షుగర్‌నూ నడిపే హార్మోన్లను మార్చేస్తాయి. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్న 2,010 మందిని, మామూలు వైద్యంతోనే ఉన్న 2,037 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ అయినవాళ్లలో మరణాల ముప్పు దాదాపు 29 శాతం తక్కువ. 2020లో లెక్క చూస్తే వాళ్ల ఆయుర్దాయం చేయించుకోనివాళ్లకంటే మూడేళ్లు ఎక్కువ, సాధారణ జనంతో పోలిస్తే మాత్రం ఐదున్నరేళ్లు తక్కువ. అమెరికాలో 150 మంది షుగర్ రోగులతో జరిగిన మరో పరీక్షలో, ఐదేళ్ల తర్వాత మూడు నెలల షుగర్ సగటును 6 శాతానికి దించుకోగలిగినవాళ్లు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ అయినవారిలో 23 శాతం, బైపాస్ అయినవారిలో 29 శాతం. మేలు నిజమైనదే, పెద్దదే. అయితే బైపాస్ తర్వాత కూడా ప్రతి పదిమందిలో ఏడుగురు ఆ గీత కిందికి రాలేదు. వాళ్లకు మందులు, పరీక్షలు, డాక్టరు అవసరం ఆపరేషన్‌తో తీరిపోలేదు.

తిండి తగ్గించి, నాలుగు అడుగులు నడిస్తే పోయేదానికి కడుపు కోసుకోవడమెందుకు అన్నది ఎక్కువగా వినిపించే అభ్యంతరం. నంద్యాల ప్రాంతంలో ఈ మాటకు మరింత బలం ఉంటుంది. కొర్ర పండిన నేల ఇది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన సూర్యనంది కొర్ర రకం రాష్ట్రం దాటి పేరు తెచ్చుకుంది. కేసీ కాలువ నీళ్ల కింద వరి విస్తరించి, సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం ఉన్న చోటికి మూడు పూటలా సన్నబియ్యం వచ్చాక జబ్బులు పెరిగాయన్న మాటలో నిజం లేకపోలేదు. ఊరి ఆరోగ్యం బాగుపడాలంటే పళ్లెం మారాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తమ్మీద ఆ అంకెలు 24, 22.9. ఇంతమందికి ఆపరేషన్ సమాధానం కానే కాదు, కాకూడదు. కానీ లావు కాకుండా కాపాడే మార్గం వేరు, ఇప్పటికే నూట ఇరవై కిలోలకు చేరి, నిద్రలో ఊపిరి ఆగుతూ, ఇన్సులిన్‌కు లొంగని షుగర్‌తో ఉన్న మనిషిని వెనక్కి తెచ్చే మార్గం వేరు. ఆ స్థితిలో శరీరమే బరువును పట్టుకుని వదలదు. అమెరికాలో టీవీ పోటీ కోసం కఠినమైన తిండి, వ్యాయామాలతో భారీగా తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల శరీరాలు ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2016లో తేలింది. చాలామందికి పోయిన బరువు తిరిగొచ్చింది కూడా. అలాంటి మనిషిని సోమరి అనడం వైద్యం తెలియనితనం, దయ లేనితనం.

ఎవరికి ఆపరేషన్ అన్నదానికి గీత ఉంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ శస్త్రచికిత్సకు బీమా వర్తించే షరతులను అన్ని కంపెనీలకూ ఒకేలా నిర్ణయించింది. పద్దెనిమిదేళ్లు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదుపులోకి రాని షుగర్ లాంటివి తోడై ఉండాలి. ఐదడుగుల మూడంగుళాల మనిషికి 35 అంటే సుమారు తొంభై కిలోలు, 40 అంటే నూట రెండు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియావాసులకు 27.5 నుంచే ఆపరేషన్ ఇవ్వవచ్చన్నాయి. అదే ఎత్తు మనిషికి అది డెబ్బై కిలోలు! మన శరీరాలకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుందన్నది ఆ సిఫారసుకు ఆధారం, ఆ ఆధారం సరైనదే. కానీ తర్వాత చూసే దిక్కు లేనిచోట గీతను అంత కిందికి దించితే పెళ్లికి ముందు సన్నబడాలనుకునే ఆడపిల్ల కూడా థియేటరు దాకా వెళుతుంది. ప్రజాధనం వరకైతే 2019 గీత చాలు.

అసలు సంగతి డిశ్చార్జి తర్వాత మొదలవుతుంది. తొలి వారాలు ద్రవాలే, తర్వాత మెత్తని తిండి, ఆ తర్వాత జీవితాంతం చిన్న చిన్న ముద్దలు, రోజూ తగినంత మాంసకృత్తులు. ఆ కొలతను గుడ్డు, పెసలు, అలసందలు, మజ్జిగ, చేపల్లోకి మార్చి చెప్పే డైటీషియన్ కావాలి. నగరంలో ఇచ్చే చీటీలో ఉండే ప్రొటీన్ పౌడరు డబ్బా ఎన్నాళ్లు కొంటారు? ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే షుగర్ పడిపోతుంది. పాత మోతాదులో ఇన్సులిన్, గోలీలు వాడుతూ పోతే మనిషి స్పృహ తప్పుతాడు. బీపీ మందూ అంతే. బైపాస్ అయినవాళ్లకు మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కడుపులో పుండ్లు తెస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అడక్కుండానే దొరికేవి అవే. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఆగని వాంతులతో థయమిన్ అనే విటమిన్ పడిపోతే చూపు చెదురుతుంది, నడక తూలుతుంది, సకాలంలో సూది వేయకపోతే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. బైపాస్ అయిన రెండు మూడేళ్లకు వచ్చే కడుపునొప్పి లోపల పేగు చిక్కుకోవడం వల్ల కావచ్చు. దాన్ని గ్యాస్ అనుకుని ఒక రాత్రి ఆగితే ప్రాణం పోవచ్చు. వీటిలో ఏదీ హైదరాబాదుకు ఫోన్ చేసి తేల్చుకునే వ్యవహారం కాదు. నంద్యాల నుంచి అక్కడికి మూడొందల కిలోమీటర్లకు దగ్గర.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రక్తహీనత. అదే జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఇనుము ఎక్కువగా ఒంటబట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తిండి ఆ భాగాన్ని తాకకుండా పోతుంది. స్లీవ్‌లో ఆమ్లం తగ్గి, బి12 పీల్చుకోవడానికి కావలసిన పదార్థమూ తగ్గుతుంది. అంటే సగానికి పైగా స్త్రీలు ఇప్పటికే ఖాళీ నిల్వలతో ఉన్న రాష్ట్రంలో, ఆ నిల్వలు నింపే దారినే కుదించే ఆపరేషన్ ఇది. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్ష చేయించాలి. గర్భం కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆపుకోవాలని వైద్యులు చెబుతారు. కానీ బరువు తగ్గి నెలసరి సరిపడగానే గర్భం రావడం తేలికవుతుంది, ఇంట్లోవాళ్లు కోరేదీ అదే. పైగా చాలా కుటుంబాల్లో ఈ ఆపరేషన్ రహస్యం. అత్తింటికి చెప్పరు, కాన్పు చేసే డాక్టరుకూ చెప్పరు. దాచడానికి కారణం సిగ్గు. ఆ సిగ్గు పుట్టేది, లావు తప్పూ ఆపరేషన్ అడ్డదారీ అన్న మన మాటల్లోంచే. కాబట్టి ఆ మాటలు మానడం కూడా వైద్యంలో భాగమే.

మనసు గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని యూటాలో బైపాస్ అయినవాళ్ల మీద 2007లో వెలువడిన అధ్యయనంలో మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి, జబ్బులవల్ల కాక ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి కారణాలతో మరణాలు మాత్రం 58 శాతం పెరిగాయి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. రెండో ఏడు నుంచి తాగుడు సమస్యలు పెరుగుతాయని 2012లో మరో అధ్యయనం చెప్పింది. తిండి మీద ఆధారపడ్డ మనసుకు ఆ ఆధారం ఒక్కసారిగా తీసేస్తే దానికి వేరే ఆసరా కావాలి. పెళ్లి పంక్తిలో వద్దన్నా కొసరి కొసరి ఓళిగ వడ్డించే మన మర్యాద కూడా ఇక్కడ బరువే అవుతుంది. బైపాస్ అయినవాళ్లకు తీపి ఎక్కువైతే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం వస్తాయని బంధువులకు చెప్పేవాళ్లు ఎవరు?

ఇన్ని ప్రమాదాలుంటే అసలు వద్దనే అనవచ్చు కదా అన్నది తర్వాతి అభ్యంతరం. 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగువారికి దగ్గరైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే మరణించినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. అప్పటినుంచి బరువు ఆపరేషన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ వార్తే. కానీ లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగే పని. అది ఆకారం కోసం, షుగర్‌ను గానీ ఆకలిని గానీ మార్చదు. మనం మాట్లాడుకుంటున్న బరువు తగ్గించే (బేరియాట్రిక్) శస్త్రచికిత్సతో దానికి సంబంధం లేదు. ఇక అసలు ఆపరేషన్‌లోనూ ప్రాణాలు పోయాయి. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరి నుంచి చెన్నై శివారులోని ప్రైవేటు ఆసుపత్రికి బరువు తగ్గే ఆపరేషన్ కోసం వెళ్లిన 26 ఏళ్ల యువకుడు చనిపోయాడు, తమిళనాడు ప్రభుత్వం విచారణ జరిపించింది. అనుభవమున్న అమెరికా కేంద్రాల్లో సుమారు 4,800 మందిని గమనిస్తే నెలలోపు మరణాలు 0.3 శాతం. ఎక్కడ చేస్తున్నారు, అత్యవసరమైతే ఐసీయూ ఉందా అన్నదాన్ని బట్టే ఆ అంకె నిలబడుతుంది. కాబట్టి భయం నుంచి తేలేది నిషేధం కాదు, ఆసుపత్రిపై తనిఖీ.

బరువు తగ్గించే కొత్త సూదులు వచ్చేశాయి, ఇక కత్తి ఎందుకు అనేవారూ ఉన్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మందుకు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే, అది తీరితే ధరలు దిగుతాయి. చాలామందికి ఇవి ఆపరేషన్‌ను తప్పించవచ్చు, అది సంతోషించాల్సిన విషయమే. కానీ సూది ఆపితే బరువు తిరిగి వస్తుంది, వాడినన్నాళ్లూ తిండి, కండబలం, పిత్తాశయం గమనించాలి. దానికి కావలసింది కూడా అదే డైటీషియన్, అదే రక్తపరీక్ష, అదే డాక్టరు. సూదులు వచ్చాక క్లినిక్ అవసరం ఇంకా పెరిగింది.

చివరికి డబ్బు దగ్గరికి వద్దాం. జ్వరాలతో, కాన్పులతో నిండిన జిల్లా ఆసుపత్రి మీద ఈ భారమెందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. నేను నంద్యాలలో థియేటరు అడగడం లేదు. ఆపరేషన్లు పెద్ద బోధనాసుపత్రుల్లోనే జరగాలి. ఢిల్లీ ఎయిమ్స్ ఏళ్లుగా చేస్తోంది, కొన్నేళ్ల కిందట ఉస్మానియా జనరల్ ఆసుపత్రి 240 కిలోల యువకుడికి చేసింది, కాబట్టి ప్రభుత్వ శస్త్రవైద్యులకు చేతకాని పనేమీ కాదు. 2022లో జిల్లా అయిన నంద్యాలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ జనరల్ మెడిసిన్ విభాగం ఉంది, ల్యాబు ఉంది, షుగర్, బీపీ రోగుల ఓపీ ఉంది. వారానికి ఒక పూట బరువు చికిత్స అయినవాళ్లకు కేటాయించి, ఒక రిజిస్టరు తెరిచి, డైటీషియన్‌నూ మానసిక వైద్యుడినీ ఆ పూట కూర్చోబెడితే సరిపోతుంది. ప్రైవేటులో చేయించుకున్నా, సర్కారులో చేయించుకున్నా, సూదులు వాడుతున్నా అందరినీ అందులో రాయాలి. ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ ఏం చేసిందో, ఏ మందులు కూడదో తెలుగులో రాసిన కార్డు రోగి చేతిలో పెట్టాలన్న నిబంధన రావాలి. ఆళ్లగడ్డలో అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చిన మనిషిని చూసే డ్యూటీ డాక్టరుకు ఆ కార్డే దారి చూపేది.

ఐదేళ్ల ప్యాకేజీ అంటే కుదరని కోరిక అనుకోనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 తర్వాత చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించినప్పుడు, పరికరం అమర్చి ఊరుకోలేదు. మాట నేర్పే థెరపీని కూడా అందులో కలిపారు, అది లేకపోతే ఆపరేషన్ వృథా అని గుర్తించబట్టి. కొన్ని చికిత్సలకు ఏడాది ఫాలోఅప్ ప్యాకేజీలూ ఇచ్చారు. అదే సూత్రాన్ని ఇక్కడ ఐదేళ్లకు పొడిగించి, ఆసుపత్రికి డబ్బు ఒకేసారి కాకుండా రోగి పరీక్షలకు వచ్చిన కొద్దీ విడతలుగా ఇవ్వాలి. అప్పుడు రోగి రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కునే బాధ్యత ఆసుపత్రిదవుతుంది. ఊరికి వచ్చే 104 వైద్య బండిలో బీపీ, షుగర్ బిళ్లలతోపాటు బి12 సూదిమందూ ఇనుము బిళ్లలూ ఉంచి, కార్డు ఉన్నవాళ్లకు అడక్కుండా ఇవ్వడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.