సరుకు పట్టుకున్నారు సరే, మనిషి మాటేమిటి?

బల్ల మీద వరసగా పేర్చిన గంజాయి పొట్లాలు, వెనక ముఖాలకు ముసుగులు తొడిగి నిలబెట్టిన కుర్రాళ్లు, అటూ ఇటూ అధికారులు. ఈ వారం కూడా జిల్లా పేజీల్లో ఇదే ఫొటో. ఎన్ని కిలోలు దొరికింది, దాని విలువెంత, ఎంతమందిపై కేసు పెట్టారు, అన్నీ వార్తలో ఉంటాయి. ఆ సరుకుకు అలవాటుపడి, రేపటి నుంచి దొరక్క అల్లాడిపోయేవాళ్లు ఎక్కడికి పోవాలన్న ముక్క ఒక్కటీ ఉండదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఒకేరోజు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక బలగాలు వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టను. సరఫరాను అరికట్టాల్సిందే. కానీ సరఫరా ఆగిన మర్నాడే ఒక జబ్బు మొదలవుతుంది. దానికి మండలంలో నాలుగు మంచాలైనా వేయని ప్రభుత్వం సగం పనే చేసినట్టు. ఆ సగం పని ఎంత ప్రమాదమో తెలంగాణ పల్లెలు 2015లోనే చవిచూశాయి.

ఆ ఏడాది సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లుపై గట్టిగా విరుచుకుపడింది. కల్తీ అంటే అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ డాక్టరు చీటీ ఉంటే తప్ప అమ్మకూడని మత్తుమాత్రలు. ఏళ్ల తరబడి సాయంత్రం పూట అదే తాగిన కూలీలకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు అది ఉన్నట్టుండి అందకుండా పోయింది. రెండు మూడు రోజుల్లోనే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వందలమంది వచ్చిపడ్డారు. ఇలాంటప్పుడు మనిషి ఎలా ఉంటాడో ఆ ఇళ్లవాళ్లను అడగాలి. చాయ్ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణుకుతాయి. రాత్రంతా కంటిమీద కునుకుండదు. గోడమీద లేని పురుగులు కనిపిస్తాయి, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకుంటారు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయే ఇళ్లూ ఉంటాయి. ఆ రోజుల్లో కొందరి ప్రాణాలే పోయాయి. మిగతావాళ్లలో చాలామందికి దిక్కు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల. నిజామాబాద్ నుంచి దాదాపు 170 కిలోమీటర్లు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు అదే ఎర్రగడ్డ మళ్లీ కిక్కిరిసింది. ఆ ఏడాది జులైలోనే ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు మళ్లీ మనుషులు బలయ్యారు, మళ్లీ దుకాణాలకు సీళ్లు వేశారు. ఇన్నేళ్లలో మనం నేర్చుకున్నది సీలు వేయడం ఒక్కటే.

నిజానికి ఆ మొదటి పది రోజుల వైద్యం అంత పెద్ద విద్యేమీ కాదు. అల్ప్రాజోలం మానినవాడికి అదే కోవకు చెందిన మందు ఇచ్చి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతారు. సారాయో బ్రాందీయో మానినవాడికి దాంతోపాటు బీ1 విటమిన్ ఇంజక్షన్లు పడాలి. ఇవి ఖరీదైన మందులు కావు. శిక్షణ పొందిన మెడికల్ ఆఫీసరు, రాత్రి కాపలా ఉండే నర్సు, ఫోన్లో సలహా చెప్పే సైకియాట్రిస్టు ఉంటే మామూలు కేసులు చాలావరకు మండలంలోనే గట్టెక్కుతాయి. క్లిష్టమైనవే జిల్లా ఆసుపత్రికి వెళ్తాయి. అసలు కష్టం తర్వాతి నెలల్లో ఉంది. ఇంటికి వచ్చి పలకరించే ఆశా కార్యకర్త, నెలనెలా మందు, ఇంట్లోవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్, వీళ్లెవరూ 170 కిలోమీటర్ల అవతల ఉంటే ప్రయోజనం లేదు. కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని ఎవరు తిరుగుతారు? కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ జరిపిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి పూర్తిగా బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందనీ, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాడు 180 మందిలో ఒక్కడేననీ అది తేల్చింది.

తాగినవాడిదే తప్పు, జనం సొమ్ము వాడికెందుకు పెట్టాలి అంటారు చాలామంది. తప్పు వాడిదే అనుకుందాం. ఫిట్స్ వచ్చినవాడిని తప్పొప్పులు విచారించాకే ముట్టుకుంటామనే డాక్టరు ఎక్కడా ఉండడు. పైగా వాడి జబ్బుకు పస్తులుండేది పెళ్లాంబిడ్డలు. బాగుచేసినా మళ్లీ మొదలుపెడతారనేది ఇంకో మాట. నిజమే, చాలామంది మళ్లీ జారతారు. షుగరు రోగి పండక్కి మిఠాయిలు తిని మళ్లీ వస్తే మందు ఆపేస్తున్నామా? ఇక ప్రైవేటు కేంద్రాలు ఉన్నాయి కదా అనేవాళ్లు ఒక్కసారి ఆ ఫీజులు కనుక్కోవాలి. నెలకు కొన్ని వేలు కట్టగల కూలీ ఎవరు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక జబ్బులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ప్రభుత్వం నడిపే వైద్యం పొందడాన్ని హక్కు చేసింది, గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. రిజిస్ట్రేషన్ లేని కేంద్రం నడపడానికి వీల్లేదంది. సర్కారు మంచం లేనిచోట ఆ హక్కు కాగితం దాటదు.

డబ్బు లేదని మాత్రం చెప్పొద్దు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 32 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి రెండు లక్షలు, షాపు దక్కకపోయినా తిరిగివ్వరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,639 కోట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు అలాగే దాదాపు 1,800 కోట్లు చేరాయి. తెలంగాణ ఆ దరఖాస్తు సొమ్ములో నూటికి ఒక్క రూపాయి తీసినా, ఆరు వందల మండలాలకు తలా నాలుగు లక్షలకు పైగా వస్తుంది. ఏటా వచ్చే అమ్మకాల పన్ను జోలికి నేనింకా పోలేదు. దూబగుంట ఆడవాళ్లు 1992లో తిరగబడితే మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చిన నేల ఇది. ఇవాళ ఊరూరా కిరాణా కొట్టు వెనకే బెల్టు షాపు. లైసెన్సు లేని ఈ అమ్మకం సర్పంచికి తెలుసు, ఎక్సైజ్ వాళ్లకు తెలుసు, పోలీసులకు తెలుసు. గంజాయి కుర్రాడిని ఫొటోకు నిలబెట్టినవాళ్లు బెల్టు షాపు యజమానిని ఎన్నిసార్లు నిలబెట్టారు?

చివరికి ఆ కుర్రాడికి కూడా చట్టం ఒక దారి ఉంచింది. వాడకం కేసులో, లేదా కొద్దిపాటి సరుకుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో చికిత్స పూర్తిచేస్తే అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదని ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చెబుతోంది. అలాంటి చోటు దగ్గర్లో లేకపోతే వాడికి మిగిలేది కేసే. అందుకే దాడులకు వెళ్లే ముందు ఆ ప్రాంతపు ఆసుపత్రిలో మంచాలు, మందులు సిద్ధం చేయాలని రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వు ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవస్థ ఉంటే డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మాన్పించకండి. 14446కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. దగ్గర్లో చికిత్స కేంద్రం లేదని తేలితే, ఆ మాటే కాగితం మీద రాసి మీ ఎమ్మెల్యే చేతికివ్వండి, తీసుకున్నట్టు సంతకం అడగండి.