కోతకు పెంచిన వనములో సైకిలు బాటలు

న్యూజిలాండు దేశమున రోటోరువా పట్టణము నానుకొనియున్న ఫకరేవరేవ యరణ్యమును సందర్శించువారు, 1901వ సంవత్సరమున నాటబడి నేడు మిన్నుముట్ట నిలిచియున్న కాలిఫోర్నియా రెడ్‌వుడ్ వృక్షములను చూచి, యిది మానవహస్తస్పర్శ నెరుంగని ఆదిమారణ్యమని భ్రమించుట సహజమే. సైకిలుపై వాలున దిగుచున్నవానికి చెట్టు వయస్సును విచారించు తీరిక యెక్కడిది? ఆ తోపును దాటినంతనే, కలపకై వరుసలుగా పెంచి, సుమారు 28 ఏండ్లకు నరకి, మరల నాటుచుండెడి రేడియేటా పైన్ చెట్లు కానవచ్చును. నేల ఆ దేశపు మూలవాసులగు మావోరీ తెగల సొత్తు. అగ్నిపర్వత జన్యమగుటచే వాననీటిని త్వరగా నింకించుకొనును గనుక శీతకాలమునను బాటలు బురదపాలు గావు. ఈ గుణమే 1990ల నుండి సైకిలువారి నటకు రప్పించినది. 2006లో మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలును అచ్చటనే జరిగినవి.

కోత యంత్రములు వచ్చినప్పుడు బాటలు మూతపడును, ప్రియమైన మలుపులు మోడులనడుమ మిగులును. అంతట కొందరు అడవి నాశనమైనదని విలపింతురు. ఈ విలాపమును నేనంగీకరింపజాలను. ప్రవేశరుసుము లేకయే విహరింపగలుగుట, ఆ వనము తన జీవనమును కలపచే తాను గడించుకొనుచుండుటవలననే కొంతవరకైనను సాధ్యమగుచున్నది. నరకుట పంట కోయుటయే గాని ధ్వంసము కాదు. కావున అచ్చటికి పోవు తెలుగువారికి నా మనవి యొక్కటే: మూసివేసిన బాట కడ హెచ్చరిక పలక కనబడినచో, దానిని తప్పించుకొని పోజూడక వెనుదిరుగుడు, ఆవల దుంగలు దొర్లుచుండును.